అలికిడి లేని చక్రాలు: రెండేళ్ల తరువాత

మెత్తని చక్రాలు వేసుకున్న ఈ రెండేళ్లలో నా స్కేట్‌బోర్డుకు డెక్, అంటే నిలబడే చెక్క, ఒకసారి మారింది, బేరింగులు రెండుసార్లు మారాయి. చక్రాలు మాత్రం అవే. 60 మిల్లీమీటర్ల వ్యాసం, 78ఎ గట్టిదనం, అంటే గోరు గుచ్చితే కాస్త లొంగేంత మెత్తనివి. ఈ రాసేదంతా ఆ నాలుగు చక్రాల గురించే. డెక్ వెడల్పు ఎంత ఉండాలి, ముందు ఏ కాలు పెట్టాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి. కొత్తగా బోర్డు ఎక్కే ఆడపిల్లకు చక్రం చేసే చప్పుడు ఎంత పెద్ద విషయమో మాత్రం నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

బోర్డుతో పాటు వచ్చినవి 52 మిల్లీమీటర్లవి, 99ఎ గట్టి చక్రాలు. నున్నటి కాంక్రీటు కోసం చేసినవి. విశాఖలో మా ఎంవీపీ కాలనీ వీధిలో తారు కొట్టుకుపోయి కంకర తేలిన చోట వాటి మోత పిండిమర ఆడినట్టు ఉండేది. ఉదయం ఐదున్నరకు నాలుగుసార్లు కాలితో తోసేసరికి కుక్కలు మొరగడం మొదలుపెట్టేవి, ఆ వెంటనే బాల్కనీల్లో దీపాలు వెలిగేవి. వీధి చివరి ఇంటి పెద్దాయన వచ్చి, "పెళ్లి కావలసిన పిల్ల, కాలో చెయ్యో విరిగితే ఎలాగమ్మా?" అని అమ్మతో అన్నారు. పక్క వీధిలో వెళుతున్న ఇద్దరు కుర్రాళ్లు చప్పుడు విని బండి తిప్పుకుని వచ్చి, వీధి చివరి దాకా నా పక్కనే నెమ్మదిగా నడిపారు. మూడో వారానికి బోర్డు మంచం కిందికి చేరింది.

పడతానన్న భయం నాకు పెద్దగా లేదు. మోకాళ్లకు, మణికట్లకు గార్డులు మొదటి రోజే కొనుక్కున్నాను. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒకే పనిని వందసార్లు తప్పుగా చేయాలి. నేను బయటికి వచ్చానని ఊరంతటికీ దండోరా వేసే వస్తువు మీద నిలబడి ఆ వంద తప్పులూ చేయడం నా వల్ల కాలేదు.

నాకు ఈ ఆట మీద మనసు పడింది 2021లో, టోక్యో ఒలింపిక్స్ చూసి. మెట్లు, రెయిలింగుల వంటి వాటి మీద ఆడే మహిళల స్ట్రీట్ స్కేట్‌బోర్డింగ్ ఫైనల్లో బంగారు పతకం మోమిజీ నిషియాది, వెండి రేసా లియాల్‌ది. ఇద్దరికీ పదమూడేళ్లే. కాంస్యం గెలిచిన ఫునా నకయామాకు పదహారు. బోర్డు కొనేనాటికి నాకు 24. ఆలస్యమైందని బెంగ పెట్టుకోలేదు గానీ, ఆ పిల్లలు నేర్చుకున్న చోట ఎవరు చూసేవారో అని చాలాసార్లు అనుకున్నాను. మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లా జన్వార్ అనే పల్లెలో 2015లో స్కేట్ పార్కు కట్టినప్పుడు పెట్టిన నియమం "ముందు ఆడపిల్లలు". బోర్డు ఖాళీ అయితే మొదటి వంతు అమ్మాయిదే. ఆ ఊరి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో ప్రపంచ పోటీల దాకా వెళ్లింది. మా వీధిలో అలాంటి నియమం పెట్టేవాళ్లెవరు?

బెంగళూరులో ఉండే మా పెద్దమ్మ కూతురు నాకు దారి చూపింది. స్కేట్‌బోర్డర్ అతీతా వర్గీస్ 2015లో అమ్మాయిల కోసం గర్ల్ స్కేట్ ఇండియా మొదలుపెట్టిన ఊరు కదా, అక్కకు బోర్డు ఎక్కే అమ్మాయిలు చాలామంది తెలుసు. నేను బోర్డు అమ్మేస్తానంటే ఫోనులోనే కోప్పడింది. "ముందు చక్రాలు మార్చి చూడవే, ఆ తరువాత అమ్ముదువుగాని" అంది. చక్రాల ఖర్చు రెండు వేల పైచిలుకు అయింది. 13 నంబరు పానాతో ఇరుసు నట్లు విప్పి, పాత చక్రాల్లోని బేరింగులు పెకలించి, కొత్త వాటిలో అదిమి బిగించడానికి గంటన్నర పట్టింది.

మరుసటి ఉదయం బీచ్ రోడ్డుకు వెళ్లాను. నడిచేవాళ్ల కోసం అక్కడ తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు. కాళీమాత గుడి దగ్గర బోర్డు దింపి ఒక తోపు తోశాను. చప్పుడే లేదు. కాదు, ఉంది: తడి గుడ్డతో బల్ల తుడుస్తున్నప్పుడు వచ్చేలాంటి సన్నని శబ్దం. సముద్రపు హోరులో అది నాకే సరిగా వినిపించలేదు. ముందు ఇద్దరు ఆడవాళ్లు ఏదో పెళ్లి భోజనాల గురించి మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. నేను పక్కనుంచి వెళ్లాను. నన్ను చూశారు. మాట ఆపలేదు. ఆ పెళ్లిలో గుత్తి వంకాయ ఎలా కుదిరిందో చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇంకే విన్యాసం వచ్చినప్పుడూ కలగలేదు. ఆ రోజు గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు ఎన్నిసార్లు వెళ్లి వచ్చానో లెక్క లేదు. గట్టి చక్రానికి చింతగింజంత రాయి అడ్డం వచ్చినా బోర్డు ఆగిపోయి నన్ను విసిరేసేది. మెత్తని చక్రం దాని మీదుగా వెళ్లిపోతుంది. మొదటి మూడు నెలలు కనిపించిన ప్రతి అమ్మాయికీ ఇవే కొనమని చెప్పాను.

నాలుగో నెలలో ఒక ఆదివారం. అప్పటికి మలుపులు బాగా వస్తున్నాయి. ఇంకా చురుగ్గా తిరగాలని ట్రక్కుల, అంటే డెక్ కింద చక్రాల ఇరుసులను పట్టి ఉంచే లోహపు భాగాల, మధ్య నట్లు వదులు చేసుకున్నాను. సబ్‌మెరైన్ దాటాక నా ముందు ఒక పెద్దావిడ నడుస్తున్నారు. నేత చీర, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు. ఒడ్డున జాలర్లు వల లాగుతున్నారు. అది చూద్దామనుకున్నారేమో, వెనక్కి చూడకుండా ఒక్కసారిగా రోడ్డుకు అడ్డంగా తిరిగారు. వెనుక ఏదో వస్తున్నదని ఆవిడ చెవికి అందితే కదా చూడడానికి! నేను బరువంతా మడమల మీద వేసి బోర్డును పక్కకు వంచాను. అది తిరగలేదు. ఎవరో కింద నుంచి చేత్తో పట్టుకున్నట్టు ఉన్నచోటే ఆగిపోయింది. నేను ముందుకు వెళ్లి పడ్డాను. ముందు కుడి అరచేయి, తరువాత మోచేయి. మణికట్టు గార్డులోని ప్లాస్టిక్ పలక మీద ఆనాటి గీతలు ఇప్పటికీ ఉన్నాయి. మోచేతికి గార్డు లేదు, అక్కడ నాలుగు వేళ్ల మేర చర్మం లేచిపోయింది.

ఆవిడే పరుగున వచ్చి లేపారు. తన సీసాలోని నీళ్లతో ఇసుక కడుగుతూ, "నువ్వు వస్తున్న అలికిడే లేదు తల్లీ" అన్నారు, తప్పు తనదే అయినట్టు. మూడు నెలలుగా అందరికీ నేను గొప్పగా చెప్పుకున్నదీ ఆ మాటే.

ఇంటికి వచ్చి బోర్డు తిరగేస్తే, డెక్ అడుగున చక్రం పైన నెలవంక ఆకారంలో రంగు లేచిపోయి మేపుల్ చెక్క నున్నగా బయటపడి ఉంది. దీన్ని వీల్ బైట్ అంటారు. చక్రం పెద్దది, ట్రక్కు వదులు, వంగిన డెక్ వచ్చి చక్రాన్ని తాకితే అదే బ్రేకు. చిన్న చక్రాలకు సరిపోయిన ఎత్తు 60 మిల్లీమీటర్ల వాటికి చాలదని అమ్మినవాళ్లు చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. చక్రాలు అడిగిన కొత్తవాళ్లకు రైజర్ ప్యాడ్లు, అంటే ఎత్తు పెంచడానికి డెక్‌కూ ట్రక్కుకూ మధ్య పెట్టే పలకలు, కూడా తీసుకోమని ఒక్క మాట చెప్పవలసింది. తరువాత 6 మిల్లీమీటర్ల ప్యాడ్లు, వాటికి తగ్గ పొడుగు బోల్టులు వేశాను, నట్లు అర చుట్టు బిగించాను. మళ్లీ చక్రం తాకలేదు. కాకపోతే బోర్డు ఎత్తు పెరిగి, తోసేటప్పుడు నిలబడిన కాలు మోకాలి దగ్గర ఎక్కువ వంచాల్సి వస్తోంది. అరగంటకు తొడ లాగుతుంది.

ఇప్పుడు ఎవరిని దాటబోయినా ముందే "అమ్మా, ఎడమ పక్కనుంచి వస్తున్నాను" అని పిలుస్తాను. చప్పుడు వద్దని చక్రాలు మార్చుకున్నదాన్ని, గొంతు విప్పి చెప్పడానికి కొన్ని వారాలు పట్టింది.

సముద్రపు గాలి సంగతి కూడా చెప్పాలి. ఉప్పు తేమకు బేరింగులు తుప్పు పట్టి, మొదటి వర్షాకాలం దాటేసరికి కీచుమనడం మొదలైంది. కొంతకాలం పెట్రోలుతో కడిగి, అమ్మ కుట్టుమిషన్ నూనె రెండేసి చుక్కలు వేశాను. అవి పూర్తిగా పోయాక తెలిసింది, స్కేటింగ్ బేరింగు కొలత 608 అని, చిన్న మోటార్లలో వాడేది కూడా అదేనని. ఆటోనగర్‌లో బేరింగుల కొట్టుకు వెళ్లి నంబరు చెబితే ఎనిమిదీ లెక్కపెట్టి చేతిలో పెట్టారు. ఏ మిషనుకని కూడా అడగలేదు.

ఈ ఏడాది మా ఉదయపు నడకలోకి ఇంకో ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఒకరికి నాలాగే దూరం వెళ్లడం ఇష్టం, ఆమెకు మెత్తనివే చెప్పాను, రైజర్ ప్యాడ్లతో సహా. రెండో అమ్మాయి ఒల్లీ, అంటే బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం, నేర్చుకుంటోంది, అదీ వాళ్ల అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, నున్నటి గచ్చు మీద. ఆమెకు వద్దన్నాను. ఇవి బరువు, ఎగిరి దిగినప్పుడు బంతిలా తుళ్లుతాయి, పక్కకు జారించబోతే నేలను పట్టుకుంటాయి.

నా బరువు 50 కిలోలు, తిరిగేది చదును రోడ్డు మీద, అదీ బండ్లు ఆపిన వేళ. కైలాసగిరి ఘాట్ రోడ్డు దిగువకు వీటితో నేను వెళ్లలేదు, వెళ్లమని ఎవరికీ చెప్పను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తే ఆ వీధిలో, ఆ వయసులో, ఇవే కొంటాను. నా పాత గట్టి చక్రాలు ప్రస్తుతం ఆ రెండో అమ్మాయి బోర్డుకు ఉన్నాయి.