ఈ బౌడికా కిట్టు కొనకండి

ఇంగ్లండ్‌లో పిల్లలను ప్రాథమిక పాఠశాలకు పంపుతున్న తెలుగువారికి ఈ హెచ్చరిక. అక్కడి జాతీయ పాఠ్యప్రణాళికలో రోమన్ల పాఠం ఉంది, అందులో ఉదాహరణగా రోమన్ల మీద తిరగబడిన బ్రిటన్ రాణి బౌడికా పేరూ ఉంది. అది చూసి, "ఏడేళ్లు పైబడిన పిల్లలకు" అని రాసి ఉన్న ఒక కిట్టును మా అమ్మాయి కోసం 24 పౌండ్లు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టె ముచ్చటగానే ఉంది. లోపలంతా తప్పుల తడక.

మొదటి కార్డులోనే బౌడికా జూలియస్ సీజర్‌తో తలపడుతోంది! సీజర్ బ్రిటన్ మీదికి వచ్చింది క్రీ.పూ. 55, 54లలో. బౌడికా తిరుగుబాటు క్రీ.శ. 60-61 నాటిది, అప్పటి రోమన్ చక్రవర్తి నీరో. పటంలో ఉత్తర బ్రిటన్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ కూడా గీశారు, దాన్ని కట్టడం మొదలుపెట్టిందే క్రీ.శ. 122లో. అట్టతో చేసే రథం చక్రాలకు కత్తులు కూడా ఉన్నాయి. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన దగ్గరి బౌడికా విగ్రహాన్ని చూసి గీసినట్టున్నారు. బ్రిటన్ తవ్వకాల్లో అలాంటి రథం బయటపడనే లేదు.

ఇవి మనమే సరిదిద్ది చెప్పుకోవచ్చు. నాకు ఒళ్లు మండింది తిరుగుబాటుకు అసలు కారణం చెప్పిన చోట. "పన్నులు పెరిగాయి, రాణికి కోపం వచ్చింది" అని తేల్చేశారు. ఐసినీ తెగ రాజు, బౌడికా భర్త ప్రాసుటాగస్ తన ఆస్తిని నీరోకూ తన ఇద్దరు కూతుళ్లకూ రాసి చనిపోతే, రోమన్ అధికారులు మొత్తం ఊడ్చుకుపోయి, రాణిని కొరడాలతో కొట్టించారు. ఆ కూతుళ్లకు జరిగిన ఘోరం ఏడేళ్ల పిల్లకు చెప్పనక్కర్లేదు. వీలునామా సంగతి మాత్రం ఏ పిల్లకైనా అర్థమవుతుంది. నేను చెప్పగానే మా అమ్మాయి, "వాళ్ల నాన్న రాసిచ్చినది వీళ్లెలా తీసుకుంటారు?" అని నిలదీసింది.

చివరి కార్డులో ఏకంగా రాణి గెలిచేసింది. కామ్యులోడునం, లండన్, వెరులామియం నగరాలను తగలబెట్టిన ఆ సేన చివరికి రోమన్ గవర్నర్ సుటోనియస్ పాలినస్ చేతిలో ఓడింది. వెనక నిలిపిన తమ బండ్లే అడ్డుపడి పారిపోయే దారి కూడా లేకపోయిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

తిరిగి పంపుతానంటే, "సీలు తీశారు కదా" అన్నారు. ఆ మాటకు లొంగకండి. అక్కడి చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో కొన్న ఇలాంటి వస్తువును అందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. అమ్మినవారు చెప్పినట్టు లేకపోతే 30 రోజుల్లోపు పూర్తి డబ్బు అడగవచ్చు. ఇదంతా ఈమెయిల్‌లో రాశాకే నా డబ్బు కదిలింది.

అవే కార్డులు ఇప్పుడు ఇంకో పేరుతో, ఇంకో పెట్టెలో అమ్ముతున్నారు. నమూనా పేజీలో సీజర్ కనిపిస్తే అదే సరుకని గుర్తు.