ఏడెనిమిదేళ్ల కట్టెపని హాబీ: జేబుకు గిట్టిందా?

నల్గొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. సెలవు దొరికితే ఏడెనిమిదేళ్లుగా నేను ఉండేది అక్కడే. బతుకుదెరువు వేరే ఉద్యోగం, ఇది ఇష్టం కొద్దీ చేసేది. "టేకు రేటు ఇట్ల పెరిగినంక కూడా గిట్టుబాటేనా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఇంట్లోకి సామాను చౌకగా పడుతుందనే ఆశతో అయితే మొదలుపెట్టకండి. షాపులో రెడీమేడ్ స్టూలు ఎంతకు వస్తుందో, ఆ డబ్బుకు నాకు ఒట్టి చెక్క కూడా రాదు.

ముందు చెక్క లెక్క తెలుసుకోవాలి. సామిల్లులో సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగు చొప్పున అమ్ముతారు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని, మూడింటినీ గుణించి 144తో భాగించాలి. ఏడడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న ముక్క 0.73 సీఎఫ్‌టీ అవుతుంది. కొలిచేది కోసినప్పటి గరుకు సైజు. అంగుళం పలకను రందాతో నునుపు చేసేసరికి ముప్పావు అంగుళం మిగులుతుంది. అంటే కొన్నదాంట్లో పావు వంతు పొట్టు కింద పోయినట్టే. బిల్లు కట్టేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు.

అందుకే నేను కొత్త టేకు జోలికి పోవడం దాదాపు మానేశాను. ఊళ్లలో పాత పెంకుటిళ్లు కూలుస్తున్నప్పుడు దూలాలు, వాసాలు, దర్వాజలు అమ్ముతారు. వేప, టేకు, ఒక్కోసారి నల్లమద్ది దొరుకుతుంది. దశాబ్దాల పాటు ఎండిన కట్టె కాబట్టి కొత్తదానిలా అంత తేలిగ్గా వంగదు. అయితే రంపం పెట్టేముందు అయస్కాంతంతో మొత్తం తడమాలి. ఒక్క పాత మేకు తగిలినా బ్లేడు పళ్లు పోతాయి. సున్నం, ఇసుక అంటిన చోట వైరు బ్రష్షు కొట్టకపోతే రందా పదును నిమిషాల్లో చస్తుంది. పొలంలో వేపచెట్టు ఉంది కదా, కొట్టేద్దాం అనుకునేవాళ్లు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి ముందే చూసుకోవాలి. పచ్చి కట్టె అయితే చివరలకు పెయింటు పూసి నీడలో ఆరబెట్టాలి, లేదంటే మన ఎండలకు నిలువునా చీలుతుంది.

నిజంగా డబ్బు తినేది పనిముట్ల మీద మోజు. ఒక రందా, మూడు ఉలులు, మంచి రంపం, మూలమట్టం, సానరాయి ఉంటే బెజ్జం కొట్టి కుసి దిగేసే పని, అంటే ఒక ముక్క కొనను ఇంకోదాని రంధ్రంలో బిగించే అతుకు పని అంతా అయిపోతుంది. నా ఇనుప రందా హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో కొన్న పాతది. తుప్పు వదిలించి, దాని బ్లేడుకు 25 డిగ్రీల వాలు పెట్టి, అంచుకు 30 డిగ్రీల పదును పట్టాను. ఇవాళ్టికీ వెంట్రుకంత పలచటి పొట్టు తీస్తుంది. మిషన్ల ఖర్చు కొన్నరోజుతో ఆగదు. డిస్కులు, బ్లేడులు, గరుకు కాగితం, ఫెవికాల్, పాలిష్ ప్రతి నెలా అడుగుతూనే ఉంటాయి.

మన దగ్గర వాతావరణంతో వచ్చే తిప్పలు వేరే. మే నెలలో ఫెవికాల్ పూసి అతుకు బిగించేలోపే పొర కడుతుంది, ఆ పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. రెండడుగుల వెడల్పు బల్ల పైపలక ఎండకాలానికీ వానకాలానికీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు ముడుచుకుని ఉబ్బుతుంది. స్క్రూల రంధ్రాలు అడ్డంగా కాస్త పొడుగ్గా తీయకపోతే పగులు ఖాయం. ఇక పొడి విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కట్టె పొడిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. కాబట్టి మాస్కు ఖర్చు దగ్గర మాత్రం బేరం వద్దు.

నా మాట అడిగితే, పాత కట్టెతో, చేతి పనిముట్లతో చేసేవాళ్లకు ఈ హాబీ ఇప్పటికీ దండగ కాదు. కొత్త టేకు, షెడ్డు నిండా మిషన్లు కావాలంటే జీతం ఎంతొచ్చినా చాలదు. అపార్ట్‌మెంటులో ఉంటే పొడి, చప్పుడుతో పక్కింటివాళ్లతో గొడవ కూడా అదనం. గరిటెలు, చిన్న పీటలు చేసుకుంటే మాత్రం బాల్కనీ సరిపోతుంది.

మందం సరిచేసే ప్లేనర్ మిషను మీద నాకూ మనసు పోయింది. మా వీధి వడ్లాయన (వడ్రంగి) వినగానే నవ్వాడు. "సార్, గంత పైసలు ఎందుకు పెడ్తరు? కట్టె నా దగ్గరికి తేండ్రి, మిషన్ల ఏసి ఇస్త." ఇప్పుడు పెద్ద పలకలు ఏడాదికి రెండు మూడు సార్లు ఆయన దగ్గరే వేయించుకుంటున్నాను. ఆయనకు ఇచ్చే కూలితో ఆ మిషను ఖరీదు చేరాలంటే నేను రిటైరైనా కాదు.