ఎఫ్‌యూఈ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: కొన్నేళ్లు గడిచాక చెబుతున్న మాట

క్లినిక్‌లు చూపించే 'ముందు, తర్వాత' ఫొటోలు చాలావరకు ఏడాది లోపువే. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. హైదరాబాద్‌లో ఎఫ్‌యూఈ పద్ధతిలో, అంటే తల వెనక కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి బట్టతల మీద నాటే పద్ధతిలో, జుట్టు నాటించుకుని నాకు కొన్నేళ్లయింది. సర్జరీ బాగా పనిచేసింది. కానీ ఇవాళ నా తల నిండుగా కనిపిస్తోందంటే అందులో సగం గొప్పతనం రోజూ రాత్రి వేసుకునే ఫినాస్టరైడ్ అనే చిన్న మాత్రది. ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పడం లేదు, అందుకే రాస్తున్నాను.

మన ఊళ్లో జుట్టు ఊడితే ముందు బోరు నీళ్లను తిడతారు. ఆ నీళ్లకు జుట్టు గరుకెక్కే మాట నిజమే కావచ్చు. కానీ నీళ్లే కారణమైతే తలంతా ఊడాలి, వెనక వదిలేసి నుదురు, నడినెత్తి మాత్రమే ఖాళీ కావు కదా. మగవాళ్ల బట్టతలకు మూలం వంశం నుంచి వచ్చే గుణం. డీహెచ్‌టీ అనే హార్మోన్ వల్ల పైభాగం కుదుళ్లు ఏటేటా సన్నబడతాయి. తల వెనక కుదుళ్లకు ఆ ప్రభావం చాలా తక్కువ. వాటిని పీకి తల ముందు భాగంలో నాటినా ఆ గుణం పోదని న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రచురించారు. ఈ వైద్యమంతా ఆ ఒక్క విషయం మీదే నిలబడింది.

అప్పట్లో పెద్ద పెద్ద ముక్కలు తీసి నాటేవారు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా కనిపించేది. తర్వాత వెనక నుంచి చర్మం పట్టీ కోసి తీసే పద్ధతి వచ్చింది, దానికి అడ్డంగా పొడుగు మచ్చ మిగులుతుంది. ఎఫ్‌యూఈలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే పంచ్ అనే గుండ్రటి పనిముట్టుతో కుదుళ్లను ఒక్కొక్కటిగా తీస్తారు. అలా తీసిన ఒక్కో కుదురులో (దీన్నే గ్రాఫ్ట్ అంటారు) ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. కుట్లు ఉండవు.

నేను మొదట వెళ్లిన చోట మాట్లాడింది సేల్స్ కౌన్సెలర్. డాక్టర్ రెండు నిమిషాలు కనిపించి గీత గీసి వెళ్లిపోయారు. 'ఈ వారమే కడితే డిస్కౌంట్' అనగానే లేచి వచ్చేశాను. టెక్నీషియన్లు సర్జరీ చేయకూడదని, శిక్షణ ఉన్న డాక్టర్లే చేయాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వెళ్లే ముందు 'కుదుళ్లు తీసేది ఎవరు, నాటడానికి గాట్లు పెట్టేది ఎవరు' అని సూటిగా అడగండి. నీళ్లు నమిలితే అక్కడ వద్దు. తల వెనక ఉన్న కుదుళ్ల నిల్వ మళ్లీ పుట్టేది కాదు, అందుకే దీని మీద నాకింత పట్టుదల.

సర్జరీ రోజు నొప్పంతా మత్తు ఇంజెక్షన్లదే. తర్వాత నుదురు వాచి, వాపు కళ్ల దాకా దిగింది. పక్కులు రాలిపోయాక, నాటిన వెంట్రుకలు కూడా మొదటి నెలలోనే ఊడటం మొదలైంది. ఇంట్లో అమ్మకు టెన్షన్ పట్టుకుంది. అది మామూలే, నారు పీకి నాటాక కొన్నాళ్లు వాడినట్టే ఉంటుంది. కుదురు లోపలే ఉండి, మూడు నాలుగు నెలలకు మొలకలు వేస్తుంది. ఏడాదికి గానీ పూర్తి రూపం రాదు. డాక్టర్ హెల్మెట్ వద్దన్నన్నాళ్లు బండి పక్కన పెట్టి మెట్రోలో తిరిగాను. ఎండాకాలం కాకుండా చలికాలం ఎంచుకుంటే మన ఎండల్లో తల కాపాడుకునే తిప్పలు తగ్గుతాయి.

నాకున్న ఫిర్యాదు ఒకటే. 'మచ్చే ఉండదు' అన్నారు. మెషిన్‌తో బాగా పొట్టిగా కత్తిరిస్తే వెనక తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి. జుట్టు కాస్త పెరిగితే తెలియవు, కానీ ఆ మాట ముందే చెప్పాల్సింది.

ఇక మందులు. సర్జరీ జుట్టును ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారుస్తుంది, ఊడటాన్ని ఆపదు. నాటిన వాటి మధ్యనున్న పాత వెంట్రుకలను కాపాడేది ఫినాస్టరైడ్ మాత్ర, తలకు రాసుకునే మినాక్సిడిల్. మినాక్సిడిల్‌కు 1988లో, ఒక మిల్లీగ్రాము ఫినాస్టరైడ్‌కు 1997లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం ఇచ్చింది. ఫినాస్టరైడ్ వల్ల కొద్దిమందికి లైంగిక సమస్యలు వస్తాయి, మొహమాటపడకుండా డాక్టర్‌తో మాట్లాడాలి. ఇది వాడేవాళ్లకు ప్రొస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్‌ఏ రక్త పరీక్ష ఫలితం దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది, కాబట్టి ల్యాబ్‌కు వెళ్లినప్పుడు తప్పక చెప్పాలి. పీఆర్‌పీ, అంటే మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి తలలోకి ఇంజెక్షన్‌గా ఇవ్వడం, అది కూడా చేయించాను, పెట్టిన డబ్బుకు తగిన తేడా నా కంటికి కనిపించలేదు.

పేనుకొరుకుడు వేరే జబ్బు. రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేస్తుంది కాబట్టి దానికి నాటడం సరైన దారి కాదు. తీవ్రంగా ఉన్నవాళ్లకు బారిసిటినిబ్ మాత్రను 2022లో ఎఫ్‌డీఏ ఆమోదించింది. ఈ పదేళ్లలో వచ్చిన వాటిలో నిజమైన ముందడుగు నా దృష్టిలో అదే. ల్యాబ్‌లో కుదుళ్లు పెంచి నాటడం ఇంకా పరిశోధనలోనే ఉంది, ఇప్పుడే చేసేస్తామనే ప్రకటనలను నమ్మకండి.

మా బావమరిదికి ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. పెళ్లిచూపుల లోపే నాటించేసుకుంటానని పట్టుబట్టాడు. మా డాక్టర్ గారు ఒప్పుకోలేదు. ఊడటం ఎక్కడిదాకా వెళ్తుందో తెలియకుండా ఇప్పుడే ముందు గీత కిందికి దించి నాటేస్తే, రేపు దాని వెనక ఖాళీ పడితే నింపడానికి నిల్వ ఉండదన్నారు. ఏడాది మందులు వాడి రమ్మన్నారు. వాడిప్పుడు మాత్రలు మొదలుపెట్టాడు. ప్రతి నెలా ఒకే లైటు కింద ఫొటో తీసి పెడుతున్నాం, వచ్చే ఏడాది వాటితోనే డాక్టర్ దగ్గరికి వెళ్తాం.