సీరంలో అల్బుమిన్ తీసే టాప్-14 స్పిన్ కాలమ్: మూడేళ్లు వాడాక

ఈ కాలమ్ కొనాలా వద్దా అని ల్యాబ్‌లో జూనియర్లు అడుగుతూనే ఉంటారు, ప్రతిసారీ చెప్పలేక రాసేస్తున్నా. మనిషి సీరం (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) ప్రొటీన్‌లో సగం పైన అల్బుమినే, దానికి ఐజీజీ అనే యాంటీబాడీ, ట్రాన్స్‌ఫెరిన్, హాప్టోగ్లోబిన్ లాంటివి కలిపితే ఆ 14 రకాలే దాదాపు 95 శాతం, ఇక మాస్ స్పెక్‌లో (బరువుని బట్టి ప్రొటీన్లని గుర్తుపట్టే మెషీన్‌లో) మనం వెతికే, కొద్దికొద్దిగా ఉండే ప్రొటీన్లకి చోటెక్కడిది? ఈ కాలమ్ అంటే చిన్న గొట్టం, అందులోని రెసిన్ (సన్న పూసల పొడి)కి ఆ 14 ప్రొటీన్లని పట్టుకునే యాంటీబాడీలు అతికించి ఉంటాయి. 10 మైక్రోలీటర్ల సీరం వేసి 10 నిమిషాలు తిప్పి స్పిన్ చేస్తే కిందకి దిగిందే మనది. (ఆ 14 లిస్టులో రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ కూడా ఉంటుంది, సీరంలో అది ఎలాగూ గడ్డలోనే పోయింది, ఆ డబ్బులు దండగే.)

పని చేస్తుందా అంటే చేస్తుంది. మొదటిసారి ప్రొటీన్లని సైజు వారీగా విడదీసే జెల్ రన్ చేసి కూమాసీ అనే నీలి రంగు వేస్తే 66 కేడీఏ (కిలోడాల్టన్లు, అల్బుమిన్ సైజు) దగ్గర బొటనవేలంత మచ్చ కాస్తా సన్న గీత అయిపోయింది, చుట్టుపక్కల ఎప్పుడూ చూడని బ్యాండ్లు బయటపడ్డాయి. పూర్తిగా పోతుందని మాత్రం ఆశపడొద్దు.

లెక్క ముందే వేసుకోండి. 10 మైక్రోలీటర్లలో సుమారు 700 మైక్రోగ్రాముల ప్రొటీన్, 95 శాతం పోతే మిగిలేది 35, ట్యూబు గోడలకీ, శాంపిల్‌ని చిక్కబరిచే కాన్సంట్రేటర్‌కీ అంటుకున్నది పోగా నా చేతికి 20 వస్తే గొప్ప. ఒకసారి ఆశకొద్దీ సీరం డబుల్ వేశా, రెసిన్ నిండిపోయి అల్బుమిన్ మళ్లీ కిందకే దిగింది, శాంపిలూ పోయింది కాలమూ పోయింది.

ఇంకోటి, సీరం కాస్త గులాబీ రంగులో ఉంటే వేయొద్దు. ఒక బ్యాచ్ అలాగే వచ్చింది, ఏమవుతుందిలే అని వేసేశా. ఎర్రకణాలు పగిలి వచ్చిన హిమోగ్లోబిన్ ఆ 14లో లేదు, ఎక్కువగా ఉండేవన్నీ పోయాక మాస్ స్పెక్ రన్‌లో పెత్తనమంతా దానిదే, వారం పని నీళ్లపాలు.

అల్బుమిన్ ఒంటరిగా కూడా పోదు, తనని పట్టుకుని వేలాడే చిన్న పెప్టైడ్లని (ప్రొటీన్ ముక్కల్లాంటివి) వెంట తీసుకుపోతుంది. అందుకే రెసిన్ పారేసే ముందు యాసిడ్ గ్లైసీన్‌తో ఒకసారి కడిగి ఆ భాగం కూడా దాస్తున్నా, రెండుసార్లు పనికొచ్చింది.

ఇరవై ముప్పై శాంపిళ్లకైతే కళ్లు మూసుకుని కొనండి. వందల్లో ఉంటే ఒక్కసారి వాడి పారేసేది కాబట్టి జేబు ఖాళీ, కడిగి మళ్లీ మళ్లీ వాడే హెచ్‌పీఎల్‌సీ (పంపుతో ద్రవాన్ని తోసే మెషీన్) కాలమే నయం. యాంటీబాడీల బదులు నీలి రంగుతో అల్బుమిన్‌ని పట్టే, చవకగా వచ్చే బ్లూ డై రెసిన్ అల్బుమిన్‌తో పాటు ఏవేవో లాగేస్తుంది, మా ఫ్రిజ్‌లో ఒక డబ్బా ఉంది, ట్రయల్ రన్లకి మాత్రమే తీస్తాం.