పర్లాకిమిడిలో డాంగిలుతో ఎనిమిదేళ్లు

మా ట్యూషన్ సెంటర్లో పిల్లలు అరవై మంది. ఎవరైనా రాకపోతే సాయంత్రం ఆరున్నరకల్లా వాళ్లింటికి కంప్యూటర్ నుంచి మెసేజు వెళ్లిపోవాలి. మొదట ఏడాది పాటు ఆండ్రాయిడ్ ఫోను వాడాను. 2017 నుంచి హువావే యూఎస్‌బీ డాంగిలే, అంటే సిమ్ వేసి కంప్యూటర్‌కి గుచ్చే చిన్న మోడెమ్. మళ్లీ ఫోను జోలికి పోలేదు.

ఫోను చెడ్డదని కాదు. పరీక్షల తేదీలు అందరికీ ఒకేసారి పంపబోతే, 30 దాటగానే ‘ఈ యాప్ చాలా మెసేజులు పంపుతోంది, పంపనివ్వాలా?’ అని అడిగి ఆగిపోయేది. నేనేమో లోపల లెక్కలు చెబుతూ ఉండేవాణ్ణి. పైగా పొద్దస్తమానం ఛార్జింగులో ఉండి బ్యాటరీ అప్పడంలా పొంగింది.

డాంగిలుకి ఆ బాధ లేదు గానీ మొదటి రోజు ఏడిపించింది. గుచ్చగానే సీడీ డ్రైవులా కనిపిస్తుంది, డ్రైవర్లు పడ్డాకే మోడెమ్ అవుతుంది. దాంతో వచ్చిన ఇంటర్నెట్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంటే పోర్టుని (కంప్యూటర్ డాంగిలుతో మాట్లాడే దారి) అదే పట్టుకుని కూర్చుంటుంది, మెసేజులు పంపడానికి నేను వాడే గామూ సాఫ్ట్‌వేర్‌కి (ఉచితమే) చిక్కదు. సాకెట్ మారిస్తే ఆ పోర్టు పేరు కామ్ 5 కాస్తా కామ్ 7 అయిపోతుంది. అందుకే ఒక సాకెట్ మీద నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను.

కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. హువావే ఈ3372 మోడల్లో చివర ‘హెచ్’ ఉన్నది నెట్‌వర్క్ కార్డులా పనిచేస్తుంది, కామ్ పోర్టు ఇవ్వదు. ‘ఎస్’ రకం ఇస్తుంది. పాత 3జీ డాంగిలైతే జియో సిమ్ పనికిరాదు, జియోకి 2జీ, 3జీ లేవు కదా.

తెలుగులో పంపితే ఒక మెసేజుకి 70 అక్షరాలే, ఇంగ్లీషు లిపిలో అయితే 160. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. ‘క్ష’ ఒక్కటే మూడు తింటుంది. ‘పరీక్ష’ ఆరు. దాటితే రెండు మెసేజుల ఖర్చు. ఇంత చేసి తెలుగులో పంపితే ఒక తండ్రి ఫోను చేశారు: “మాస్టారూ, డబ్బాలు డబ్బాలుగా ఏటో వచ్చింది, ఏటండీ అది?” తెలుగు అక్షరాలు చూపలేని పాత ఫోనున్న పదిమందికీ ఇంగ్లీషు లిపిలోనే పంపుతున్నాను. ఒడియావాళ్లకీ ఇదే తంటా.

అసలు దెబ్బ సరిహద్దు కొట్టింది. మా ఊరు ఒడిశా, మహేంద్రతనయ ఏటికి అవతల పాతపట్నం, ఆంధ్రా. ఏటివైపు గదిలో డాంగిలు ఒడిశా టవరు వదిలేసి అవతలి టవరు పట్టుకునేది. మెసేజు ప్యాక్ రోమింగులో చెల్లలేదు. ఒక్కోదానికి 38 పైసలు, తెలుగులో 70 దాటితే దానికి రెట్టింపు పోయేవి. వారంలో బ్యాలెన్సు సున్నా. కస్టమర్ కేర్‌వాళ్లు మీరు ఊరెళ్లారేమో అన్నారు. ఎక్కడికీ కదల్లేదమ్మా, నా డాంగిలే ఏరు దాటింది అన్నాను.

నెట్‌వర్క్ ఎంపిక మాన్యువల్‌కి మార్చి, పొడుగు కేబులుతో డాంగిలుని వీధివైపు కిటికీ ఊచకి కట్టాను. సిగ్నల్ బలం చూపే సీఎస్‌క్యూ కమాండ్ కొడితే లోపలి గదిలో 9 చూపేది, ఇక్కడ 19. గరిష్ఠం 31. వానాకాలం మాత్రం దానికి పాలకవరు తొడుగుతాను.

వ్యాపార ప్రకటనలకి ఈ దారి వద్దు. వాటికి టెలికాం కంపెనీల దగ్గర చేయించుకునే డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ కావాలి, లేకపోతే నంబరే కట్ చేస్తారు.