ఆధార్ బయోమెట్రిక్ లాక్: పది నిమిషాల తాళంచెవి ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు

మన వేలిముద్రలను ప్రభుత్వం ఎందుకు వాడుకోవచ్చో, ఎవరికి ఇవ్వకూడదో చట్టంలో రాసి ఉంది. అవి ఏ రోజు పనిచేయాలో, ఏ రోజు పనిచేయకూడదో తేల్చే మీట మాత్రం మన చేతికి ఒక్కటే ఇచ్చారు. అదే ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ వారి బయోమెట్రిక్ లాక్. పైసా ఖర్చు లేదు. విశాఖలో రేషన్ డిపోలో, సచివాలయంలో, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో, బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టే ప్రతి ఒక్కరూ పెట్టుకోవలసిన తాళం ఇది. అయితే చేతిలో ఫోను, ఆధార్‌కు కలిపిన నంబరు ఉన్నవాళ్ల కోసమే దీన్ని కట్టారు. ఆ లోటు చాలా పెద్దది. దాని సంగతి చివర్లో చూద్దాం.

పెట్టే పద్ధతి తేలిక. మై ఆధార్ పోర్టల్‌లో ఆధార్ నంబరు, తెరమీద కనిపించే అక్షరాలు, ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లాలి. అక్కడ రెండు లాకులు కనిపిస్తాయి. ఒకటి బయోమెట్రిక్ లాక్, రెండోది ఆధార్ నంబరు లాక్. చాలామంది తికమకపడేది ఇక్కడే. మొదటిది వేలిముద్ర, కనుపాప, ముఖం మూడింటినీ ఆపేస్తుంది గానీ ఓటీపీ మామూలుగానే పనిచేస్తుంది. రెండోది 12 అంకెల నంబరుతో జరిగే ప్రతి ధ్రువీకరణనూ ఆపేస్తుంది, ఓటీపీతో సహా. ఆ తర్వాత ఆధార్ నంబరుకు బదులుగా వాడే 16 అంకెల వర్చువల్ ఐడీ (వీఐడీ)తోనే పని జరుగుతుంది. వీఐడీ ముందే తీసి దాచుకోకుండా రెండో లాకు జోలికి పోవద్దు. ఇంట్లో మామూలు వాడకానికి మొదటి లాకు చాలు. ఎంఆధార్ యాప్‌లోనూ ఇది ఉంది.

లాకు పడిందో లేదో తెలియాలంటే తెరమీద వచ్చే 'విజయవంతం' మాటను నమ్ముకుని ఊరుకోకండి. తర్వాత ఎప్పుడైనా డిపోలో వేలు పెట్టినప్పుడు గమనించండి. వేలు పెట్టగానే యంత్రం కింద దీపం వెలుగుతుంది, ముద్ర తీసుకుంటుంది, ఆ తర్వాత తెరమీద 330 అనే కోడ్ వస్తుంది. ఆధార్ యజమానే బయోమెట్రిక్ లాకు చేసుకున్నారని దాని అర్థం. ముద్ర సరిపోలకపోతే వచ్చే కోడ్ 300. ఈ రెండింటికీ తేడా తెలియని డీలర్లు 330 వచ్చినా “వేలు పడట్లేదు, చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టండమ్మా” అంటూ నాలుగైదు సార్లు పెట్టిస్తారు. ఎన్నిసార్లు తుడుచుకున్నా 330 పోదు. ఫోను తీసి లాకు తెరవాల్సిందే.

తెరవడంలో రెండు రకాలు ఉన్నాయి. తాత్కాలికంగా తెరిస్తే 10 నిమిషాల్లో తనంతట తానే మూసుకుంటుంది. పూర్తిగా తెరిస్తే మళ్లీ మనం మూసేదాకా తెరిచే ఉంటుంది. రేషన్ డిపోకు 10 నిమిషాలు చక్కగా సరిపోతాయి. 2025 జూన్ నుంచి సరుకులు మళ్లీ డిపోల్లోనే ఇస్తున్నారు కాబట్టి వరుసలో మీ ముందు ఇద్దరు ముగ్గురు మిగిలినప్పుడు తెరిస్తే పని అయిపోతుంది. కార్డులో పేరున్న వాళ్లలో ఎవరో ఒకరు వేలు పెడితే చాలు గనక, డిపోకు వెళ్లే ఒక్కరు తెరిచి మిగతా ఇంటిల్లిపాదీ ఏడాది పొడవునా లాకులోనే ఉండొచ్చు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రం 10 నిమిషాలు దండగ. కాగితాలు చూడటం, సర్వర్ కోసం ఆగటం, అమ్మినవారు, కొన్నవారు ఒకరి తర్వాత ఒకరు వేలు పెట్టటం... ఈలోపు గడువు అయిపోయి 330 వస్తుంది, వరుస మళ్లీ మొదటికి వస్తుంది. ఆ రోజు పొద్దున్నే పూర్తిగా తెరిచి, సంతకాలయ్యి బయటికి రాగానే మెట్ల మీద నిలబడే మూసేయండి. ఇంటికెళ్లి చేద్దాంలే అనుకుంటే మరిచిపోతారు.

ఆ మరుపు ప్రమాదమెందుకో కూడా రిజిస్ట్రేషన్ దగ్గరే ఉంది. దస్తావేజు మీద మన వేలిముద్ర ఉంటుంది, నకలులోనూ ఉంటుంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ పత్రాల మీది ముద్రలను రబ్బరు స్టాంపు చేసే పద్ధతిలో అచ్చుపోసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేస్తూ దొరికిపోయాడు. ఆధార్‌తో నడిచే చెల్లింపుల్లో ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు ఉంటే చాలు, ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీయొచ్చు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, బొటనవేలు మార్చుకోలేం. అచ్చుపోసిన వేలైనా, అసలు వేలైనా లాకు ముందు రెండూ ఒకటే: 330.

చట్టం ఈ నకిలీ వేలిని ఎందుకు ఆపలేకపోయిందని అడగొచ్చు. 2016 ఆధార్ చట్టం కాపలా పెట్టింది మన వివరాలు దాచిన ఖజానా దగ్గర, మనం వేలు పెట్టే కౌంటరు దగ్గర కాదు. ఖజానా కాపలా మాత్రం గట్టిదే. సెక్షన్ 29 ప్రకారం వేలిముద్రలు, కనుపాపలను ఏ కారణం చేతనైనా సరే ఎవరితోనూ పంచుకోకూడదు. ఆధార్ నంబరు ఇవ్వడానికి, ధ్రువీకరణకు తప్ప వాడకూడదు. చట్టం రాకముందే ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గోవాలో ఒక అత్యాచారం కేసు దర్యాప్తు కోసం అక్కడి నివాసుల బయోమెట్రిక్ వివరాలు సీబీఐ అడిగింది. యూఐడీఏఐ సుప్రీంకోర్టుకెళ్లింది. వ్యక్తి రాతపూర్వక అంగీకారం లేకుండా ఇవ్వొద్దని 2014 మార్చి 24న కోర్టు ఆదేశించింది. ఇప్పటి చట్టంలో సెక్షన్ 33 కింద హైకోర్టు న్యాయమూర్తి ఉత్తర్వు ఇస్తే పేరు, చిరునామా, ధ్రువీకరణ రికార్డులు బయటికి రావొచ్చు గానీ వేలిముద్రలు, కనుపాపలు రావు. ఫొటోకు మాత్రం ఈ రక్షణ లేదు. చట్టం దాన్ని బయోమెట్రిక్ అంటుంది కానీ 'మూల బయోమెట్రిక్' కింద లెక్కించదు. ముఖంతోనే గుర్తుపట్టే కాలంలో ఈ ఒక్క మాట తేడా చాలా దూరం పోతుంది.

2018 సెప్టెంబరు 26న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు వల్ల ఈ సేవలో మనకు దక్కిన మంచి భాగం ఒకటుంది. ధ్రువీకరణ రికార్డులను అయిదేళ్లు దాచుకుంటామన్న నిబంధనను కొట్టేసి, 6 నెలలకు మించి ఉంచకూడదని కోర్టు చెప్పింది. ఆ 6 నెలల రికార్డును మై ఆధార్‌లో మనమూ చూడొచ్చు: ఏ తేదీన, ఏ సంస్థ, వేలితోనా ఓటీపీతోనా, పని జరిగిందా లేదా. ఒకసారికి 50 వరకు కనిపిస్తాయి. లాకు పెట్టేముందు ఈ పేజీ తెరిచి, మీరు గాజువాకలో ఉన్న రోజున ఎక్కడో మీ వేలు పడినట్టు ఉంటే వెంటనే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు, బ్యాంకుకు చెప్పండి. మొత్తం పోర్టల్‌లో అన్నిటికన్నా బాగా చేసిన పేజీ ఇదే.

ఇక లాకు ఏమాత్రం పనిచేయని చోట్లు. విశాఖ విమానాశ్రయంలో 2024 సెప్టెంబరులో వచ్చిన డిజియాత్రలో, అంటే ముఖం చూసి ప్రయాణికులను లోపలికి పంపే పద్ధతిలో, గేటు దగ్గర కెమెరా చూసేది మీరు ఆ యాప్‌లో పెట్టిన ముఖాన్ని. ఆధార్ లాకుతో దానికి సంబంధం లేదు. దాన్ని నడిపేది విమానాశ్రయాలు కలిసి పెట్టుకున్న సంస్థ, అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతం. విమానం బయల్దేరిన 24 గంటల్లో ముఖం వివరాలు తీసేస్తామన్నది వాళ్ల విధానం, పార్లమెంటు చేసిన చట్టం కాదు. ఇష్టం లేకపోతే గుర్తింపు కార్డు చూపించి మామూలు వరుసలో వెళ్లొచ్చు. ఆ హక్కు వాడుకోండి.

పోలీసుల దగ్గరా అంతే. 2022 క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో వచ్చింది. శిక్ష పడినవారి నుంచే కాదు, అరెస్టయినవారి నుంచీ వేలిముద్రలు, అరచేతి ముద్రలు, కనుపాప తీసుకోవచ్చు. జాతీయ నేర రికార్డుల బ్యూరో వాటిని 75 ఏళ్లు ఉంచుతుంది. ఇందులో మనం గుర్తుపెట్టుకోవలసినవి రెండు. మహిళలపైనా పిల్లలపైనా నేరం కానిది, ఏడేళ్ల కన్నా తక్కువ శిక్ష పడేది అయితే రక్తం వంటి జీవ నమూనాలు ఇవ్వనని అరెస్టయిన వ్యక్తి చెప్పొచ్చు. అంతకుముందు శిక్ష పడనివారిని కోర్టు విడిచిపెట్టినా, నిర్దోషిగా తేల్చినా, అప్పీళ్లన్నీ ముగిశాక రికార్డు తుడిచేయాలి, కోర్టు కారణాలు రాసి వేరేలా చెప్తే తప్ప. అది తనంతట తానే జరుగుతుందని కూర్చోకుండా తీర్పు ధ్రువీకృత నకలు జతచేసి, రాష్ట్ర నోడల్ అధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు లోటు. లాకు తెరవాలన్నా మూయాలన్నా ఓటీపీ రావాలి. ఆధార్‌కు కలిపిన నంబరు పోతే తాళంచెవి పోయినట్టే. నమోదు కేంద్రంలో నంబరు మార్చుకోవడానికి 75 రూపాయలు, ఏ కాగితమూ అక్కర్లేదు. లాకు పెట్టేముందే ఆ నంబరు ఇంకా మీ చేతిలోనే ఉందా, రీఛార్జి ఉందా చూసుకోండి. ఫిషింగ్ హార్బరులో రొయ్యలు ఒలిచేవాళ్లకు, మంచు గడ్డలు మోసేవాళ్లకు వేలి గీతలు అరిగిపోయి లాకు లేకుండానే వేలు పడదు. వాళ్లలో చాలామందికి సొంత ఫోను లేదు. లాకు మీద లాకు పెట్టినట్టవుతుంది వాళ్ల బతుకు. వాళ్ల విషయంలో లాకు కన్నా ముందు అడగవలసింది కనుపాప యంత్రం. అదీ కుదరకపోతే వేలు పడలేదన్న కారణంతో బియ్యం ఆపకూడదని యూఐడీఏఐ 2017 అక్టోబరు 24నే ఉత్తర్వు ఇచ్చింది. వేరే గుర్తింపుతో సరుకులిచ్చి, ఆ సంగతి విడిగా పుస్తకంలో రాయాలి. డీలరు కాదంటే ఆ తేదీ చెప్పి, కారణం కాగితం మీద రాసిమ్మని అడగండి.

పింఛను తీసుకునే పెద్దవాళ్లుంటే 1వ తేదీ పొద్దున్న సచివాలయం సిబ్బంది గుమ్మంలోకి వచ్చాకే, వాళ్ల యంత్రం తెరుచుకున్నాకే 10 నిమిషాలకు లాకు తీయండి. ముందే తీస్తే, వాళ్లు పక్కింట్లో ఉండగానే అది మూసుకుంటుంది.