అమ్మ లివర్‌లో మచ్చలు కాల్పించాం: వైద్యానికి 5 స్టార్లు, మిగతాదానికి 1

మాది గుంటూరు. అమ్మకి రెండేళ్ల కిందట పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. మొన్న వేసవిలో మామూలుగా తీసే స్కాన్‌లో లివర్‌లో రెండు మచ్చలు బయటపడ్డాయి, అంటే క్యాన్సర్ అక్కడికి పాకింది, ఒకటి 2.1 సెంటీమీటర్లు, రెండోది ఇంకా చిన్నది. మళ్లీ కోత అనేసరికి అమ్మ వద్దు మొర్రో అంది. చివరికి విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మైక్రోవేవ్ అబ్లేషన్, అంటే మచ్చని కోయకుండా వేడితో కాల్చేయడం, చేయించాం. ఆసుపత్రి పేరు రాయను, గొడవ పెట్టుకునే ఓపిక లేదు.

పొట్ట కోయరండి. మత్తిచ్చి, స్కాన్‌లో చూసుకుంటూ పక్కటెముకల సందులోంచి సన్నటి సూది మచ్చలోకి దించుతారు, దాని కొస నుంచి వచ్చే మైక్రోవేవ్‌లు అక్కడి నీటిని కుదిపి వేడి పుట్టిస్తాయి, 60 డిగ్రీలు దాటితే కణం ఇక బతకదు. "అంటే మనింట్లో ఓవెనేగా" అన్నాడు మా బావ, డాక్టర్ గారు నవ్వి దాదాపు అంతే అన్నారు. రేడియోఫ్రీక్వెన్సీ అని ఇంకోటి ముందు నుంచీ ఉంది, అందులో కరెంటు ఒంట్లోంచి పోవాలి కాబట్టి తొడలకి ప్యాడ్లు అంటిస్తారు. అమ్మ పెద్ద మచ్చ పక్కనే లావుపాటి రక్తనాళం ఉంది. పారే రక్తం వేడిని లాక్కుపోతే అంచున కాస్త మిగిలిపోయే భయం ఉంటుందట, మైక్రోవేవ్‌లో ఆ బెడద తక్కువని ఇది ఎంచుకున్నారు. నెదర్లాండ్స్‌లో జరిగిన కొలిజన్ అనే ట్రయల్ గురించి కూడా ఆయనే చెప్పారు: పెద్దపేగు నుంచి లివర్‌కి పాకిన 3 సెంటీమీటర్ల లోపు మచ్చలకి, కోసినవాళ్ల కంటే కాల్పించుకున్నవాళ్లు తక్కువ కాలమేమీ బతకలేదు, ఇబ్బందులు మాత్రం తక్కువ, 2024లో బయటపెట్టారు. మచ్చ పెద్దదైనా, లెక్కకి మించి ఉన్నా ఈ మాట వర్తించదు. కాల్చినంత మాత్రాన లివర్‌లో ఇంకోచోట రాదనీ కాదు. ఇది కూడా దాచకుండా చెప్పారు, అందుకే ఆయనకి 5.

మర్నాడే ఇంటికి పంపారు, పక్కన రెండు చిన్న ప్లాస్టర్లు, అంతే.

అసలు కథ అక్కడ మొదలైంది. రెండో రోజు రాత్రి 100 జ్వరం, కుడి భుజం పట్టేసింది. లివర్‌కి సూది గుచ్చితే భుజం ఎందుకు నొప్పి పుడుతుందో మాకేం తెలుసు? 11 గంటలకి ఆసుపత్రికి ఫోన్ చేస్తే "పొద్దున ఓపీకి రండి" అని పెట్టేశారు. తెల్లార్లూ టెన్షనే. చచ్చిన కణాల వల్ల కొన్నాళ్లు సన్నగా జ్వరం రావడం మామూలేనట, లివర్ పైన ఉండే పొరకి సెగ తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుందట. వణుకుతో పెద్ద జ్వరం వస్తే మాత్రం చీము పట్టిందేమోనని వెంటనే పరిగెత్తాలి. ఇదంతా డిశ్చార్జి కాగితం మీద నాలుగు లైన్లు రాస్తే సరిపోయేది. మాకిచ్చిన కాగితంలో మాత్రల పేర్లు తప్ప ఇంకేం లేవు.

బిల్లు సంగతి ఇంకో ముచ్చట. ముందు చెప్పిన మొత్తంలో సూది ఖర్చు లేదు! ఆ సూది ఒక్కసారి వాడి పారేసేది, అన్నిట్లోకీ ఖరీదైంది అదే. మీరు వెళ్తే "సూదితో కలిపి ఎంత" అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

నెల తర్వాత స్కాన్ రిపోర్టు కౌంటర్లో చేతికిచ్చారు. 3.7 సెంటీమీటర్లు అని ఉంది. 2.1 కాస్తా 3.7 అయిందని అమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దోపేసింది, వారధి దాటేదాకా కార్లో ఒక్క మాట లేదు. నేను కారు ఆపి డాక్టర్ గారికి ఫోన్ చేశాను. మచ్చ చుట్టూ అర సెంటీమీటర్ నుంచి సెంటీమీటర్ దాకా మంచి లివర్‌ని కూడా కావాలనే కాలుస్తాం, ఆ కొలత కాలిన చోటుదమ్మా, మందు ఎక్కించి తీసిన ఫొటోల్లో లోపల ఎక్కడా వెలుగు లేదు, అంటే బతికున్న క్యాన్సర్ కనిపించలేదు, అదే మనక్కావాల్సింది అన్నారు. స్పీకర్‌లో వింటున్న అమ్మ పర్సులోంచి కాగితం తీసి మళ్లీ సాపు చేసింది.

మూడు నెలలకి ఇంకో స్కాన్ ఉంది. అక్కడికే వెళ్తాం, ఆయన కోసం. రిపోర్టు మాత్రం ఈసారి ఆయన గదిలోనే తెరుస్తాం.